బొమ్మల కప్పులో టీ ఆకుల జోస్యం: కప్పు ఎంపిక నుంచి ఫలితం చెప్పేదాకా

పంచాంగం చివర బల్లిపాటు ఫలితాల పట్టిక చూసినవారికి జోస్యపు కప్పు సూత్రాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. బల్లి శిరస్సు మీద పడితే ఒక ఫలితం, భుజం మీద పడితే మరొక ఫలితం. పడిన చోటును బట్టి చెప్పవలసిన మాట ముందే అచ్చై ఉంటుంది. ఇంగ్లండులో 20వ శతాబ్దం మొదట్లో తయారై, ఇప్పటికీ కొత్త నమూనాలలో అమ్ముడవుతున్న జోస్యపు కప్పులు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. కప్పు లోపలి గోడల మీద పేకముక్కలో, రాశి గుర్తులో, పక్షి, లంగరు, ఉంగరం వంటి చిన్న చిన్న బొమ్మలో ముద్రించి ఉంటాయి. టీ తాగిన తరువాత మిగిలిన ఆకు ఏ బొమ్మ మీద అంటుకుందో చూసి ఫలితం చెబుతారు.

కప్పుతో పాటు వచ్చే చిన్న పుస్తకం ఇంతటితో పాఠం ముగిస్తుంది. దాన్ని నమ్ముకుంటే పది నిమిషాల్లో విద్య వచ్చేస్తుంది, నాలుగో కప్పుకల్లా విసుగూ వచ్చేస్తుంది. ఎందుకంటే ముద్రించిన బొమ్మ కంటికి ముందుగా తగులుతుంది. ఆ రంగుల మధ్య ఆకు స్వయంగా కట్టిన ఆకారం కనిపించకుండా పోతుంది. నిజానికి ఈ విద్యలో పాతదీ, రుచిగలదీ ఆకారాన్ని చూసే భాగమే. అందుకే ఈ మార్గదర్శి అంతటా ఒకే వరుస పాటిస్తాను: ముందు ఆకు, తరువాతే బొమ్మ. దీనికి శాస్త్రీయమైన ఆధారమేదీ లేదని మొదటే చెప్పి, ఒక సాయంకాలపు కాలక్షేపంగా దీన్ని చక్కగా ఎలా చేయాలో వివరిస్తాను.

ఈ కప్పులు ఎక్కడివి

టీ 17వ శతాబ్దంలో డచ్చి వర్తకుల ఓడల మీద ఐరోపాకు చేరింది. 1662లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌ను పెళ్లాడి వచ్చిన పోర్చుగల్ రాకుమారి కేథరిన్ ఆఫ్ బ్రగాంజా దాన్ని రాచకొలువులో మోజుగా మార్చింది. అప్పట్లో టీ ఎంత ఖరీదంటే, ఇంటి యజమానురాలు టీ పెట్టెకు తాళం వేసుకునేది. 1784లో బ్రిటిష్ పార్లమెంటు టీ మీద 119 శాతం ఉన్న పన్నును 12.5 శాతానికి దించిన తరువాత అది సామాన్యుల వంటింటికి బాగా చేరువైంది. కప్పు అడుగున మిగిలిన ఆకును చూసి కబుర్లు చెప్పుకోవడానికి అప్పుడు అందరికీ వీలు చిక్కింది. కరిగిన మైనాన్నో సీసాన్నో నీళ్లలో పోసి గట్టిపడిన ఆకారాన్ని చదవడం ఐరోపాలో అంతకుముందే ఉంది. తుర్కులూ గ్రీకులూ కాఫీ మడ్డిని ఈనాటికీ ఇలాగే చదువుతారు. టీ ఆకుల పద్ధతి మాత్రం స్కాట్లండు, ఐర్లండు, ఇంగ్లండులలో, సంచార జీవులైన రోమా స్త్రీల నోట వేళ్లూనుకుంది. మన ఎరుకలసాని సోదికి అక్కడి సోదరి అనుకోవచ్చు.

మొదట్లో చైనా నుంచి వచ్చిన కప్పులకు పిడి ఉండేది కాదు. అవి చిన్న గిన్నెల్లా ఉండేవి. పిడి ఉన్న కప్పులు వాడుకలోకి వచ్చింది 18వ శతాబ్దంలో. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మనం పాటించబోయే లెక్కలన్నీ పిడి దగ్గర మొదలవుతాయి. "అనాదిగా వస్తున్న రహస్యం" అని ఎవరైనా అమ్మజూపితే ఈ ఒక్క విషయం గుర్తు చేసుకుంటే చాలు.

బొమ్మల కప్పుల పుట్టిల్లు స్టాఫర్డ్‌షైర్‌లోని పింగాణీ పట్టణాలు. లాంగ్టన్‌లోని ఎయిన్‌స్లీ సంస్థ తయారుచేసిన నెల్‌రోస్ కప్పు, పారగాన్ సంస్థవారి జోస్యపు కప్పు సేకరణకర్తలలో పేరుపొందినవి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో టీకి రేషన్ పెట్టారు. మనిషికి వారానికి 2 ఔన్సులు, అంటే సుమారు 57 గ్రాములు. ఆ రేషన్ 1952లో ఎత్తేశారు. మరుసటి ఏడే టెట్లీ సంస్థ అక్కడ టీ సంచులను ప్రవేశపెట్టింది. ఆకు సంచిలో బందీ అయ్యాక కప్పులో చదవడానికి మిగిలేదేముంది?

మొదటి మెట్టు: చేతిలో ఉన్నది ఏ రకం కప్పో తేల్చుకోవడం

ఈ కప్పులు ముఖ్యంగా మూడు రకాలు. పేకముక్కల కప్పులో సాధారణంగా 52 ముక్కలూ చిన్న చిన్న చీటీల్లా లోపలంతా పరచి ఉంటాయి. రాశుల కప్పులో పన్నెండు రాశుల గుర్తులు, గ్రహాల గుర్తులు ఉంటాయి. కొన్నింటిలో సాసరు మీద కూడా గీతలు గీసి భాగాలు చేసి ఉంటారు. మూడో రకం బొమ్మల కప్పు. ఇందులో కుక్క, పాము, ఓడ, గంట, గుర్రపు నాడా వంటివి లోపల చెదురుగా ఉంటాయి. కొత్తవారికి ఈ మూడోదే మంచిది. పేకముక్కల కప్పు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాని, బొమ్మలు మరీ కిక్కిరిసి ఉండటం వల్ల తెల్లని ఖాళీ తక్కువై ఆకు ఆకారం తేలదు.

ఏ రకమైనా సరే, మూడు లక్షణాలు చూడాలి. నోరు వెడల్పుగా, గోడలు ఏటవాలుగా ఉండాలి. మన ఆఫీసుల్లో కనిపించే నిట్టనిలువు మగ్గులో ఆకు గోడను పట్టుకోక జారిపోతుంది. లోపలి రంగు తెలుపో లేత మీగడ రంగో అయి ఉండాలి. లోపలి గోడ నున్నగా ఉండాలి. గాడులూ పొరలూ ఉంటే ఆకు వాటి వెంట వరుస కట్టి, లేని ఆకారాలు చూపిస్తుంది.

పాత సరుకు కొన్నవారికి ఒక జాగ్రత్త. పాతకాలపు పింగాణీలో మెరుగుపూత పైన అద్దిన రంగుల్లో సీసం ఉండే అవకాశముంది, ఈ కప్పుల్లో ఆ రంగులు సరిగ్గా టీ తగిలే లోపలి వైపే ఉంటాయి. నిమ్మరసం వంటి పులుపు తగిలితే సీసం మరింత దిగుతుంది. కాబట్టి అమ్మమ్మల కాలం నాటి కప్పును అలమారలో అలంకారంగా ఉంచి, తాగడానికి ఆహారానికి సురక్షితమని రాసి ఉన్న కొత్త కప్పును వాడడం మేలు.

రెండవ మెట్టు: ఆకు

తెలుగువారి ఇళ్లలో ఈ ప్రయోగం చెడేది ఇక్కడే. మనం డబ్బాలో పోసుకునే టీ పొడి దాదాపు ఎప్పుడూ సీటీసీ రకం. 1930ల తొలినాళ్లలో అస్సాంలో రూపొందిన ఈ పద్ధతిలో ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చించి, గుండ్రని గింజలుగా చుట్టేస్తారు. పాలలో మరిగించి చిక్కని రంగు తేవడానికి ఇంతకంటే మంచిది లేదు. కాని కప్పులో మిగిలినప్పుడు అది ఆవాలు చల్లినట్లు చుక్కలుగా మాత్రమే కనబడుతుంది. డస్ట్ రకమైతే అడుగున బురదలా పేరుకుంటుంది. పైగా మనం కాచి, జాలిలో వడగట్టి, పిప్పిని సింకులో పారేసి మరీ తాగుతాం. హైదరాబాదు ఇరానీ చాయ్‌లో ఎంత వెతికినా ఒక్క ఆకు దొరకదు.

కావలసింది ఆర్థోడాక్స్ పద్ధతిలో, అంటే గింజలుగా నలిపేయకుండా, చుట్టిన ఆకు టీ. డార్జిలింగ్, నీలగిరి, అస్సాం ఆర్థోడాక్స్ రకాలు మన దగ్గర పెద్ద కిరాణా దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. ప్యాకెట్టు మీద "బ్రోకెన్ ఆరెంజ్ పీకో", అంటే బీఓపీ, అని ఉన్నది ఈ పనికి అచ్చంగా సరిపోతుంది. నిండు ఆకు విప్పారి కరివేపాకంత పెద్దదై కప్పు గోడంతా ఒకటే ముద్ద కడుతుంది. బ్రోకెన్ రకం ముక్కలు నానిన తరువాత జీలకర్ర గింజ నుంచి వడ్లగింజ దాకా రకరకాల పొడవుల్లో ఉంటాయి కాబట్టి గీతలు, వంపులు, చుక్కలు అన్నీ ఏర్పడతాయి. 1920ల నాటి ఆంగ్ల మార్గదర్శకాల్లో భారతీయ టీలో దుమ్మూ పుల్లలూ ఎక్కువని, జోస్యానికి చైనా టీయే శ్రేష్ఠమని ఈసడించిన మాటలు కనబడతాయి. ఇవాళ ఒక మంచి నీలగిరి బీఓపీతో చేసి చూస్తే ఆ ఫిర్యాదు నిలవదు.

మూడవ మెట్టు: కాచడం, తాగడం, బోర్లించడం

150 మిల్లీలీటర్ల కప్పుకు అర టీస్పూను ఆకు చాలు. ఎక్కువైతే ముద్ద, తక్కువైతే శూన్యం. ఆకును నేరుగా కప్పులోనే వేసి, మరిగి అర నిమిషం ఆగిన నీళ్లు పోసి, మూడు నాలుగు నిమిషాలు వదిలేయాలి. ఆకు చాలావరకు అడుక్కి దిగుతుంది. పాలు పోయకూడదు, పాల జిడ్డు గోడకు పట్టి ఆకును జారుస్తుంది, తెల్లని నేల మసకబారుతుంది. చక్కెర కావాలంటే బాగా కరిగేలా కలపాలి. టీకెటిల్‌లో కాచి పోసుకునేవారు జాలి మాత్రం పెట్టకూడదు.

జోస్యం ఎవరికో ఆ మనిషే తాగాలి. తాగుతూ మనసులో ఒక్క ప్రశ్న పెట్టుకోమనాలి. ఆకు పెదవులకు తగలడం మనకు అలవాటు లేని పని. మెల్లగా, కప్పు ఎక్కువ వంచకుండా తాగితే ఇబ్బంది ఉండదు. టీస్పూనంత టీ మిగలగానే ఆపాలి. ఈ కొలత ముఖ్యం. పూర్తిగా తాగేస్తే ఆకు కదలదు, ఎక్కువ మిగిలితే బోర్లించినప్పుడు ఆకంతా సాసరులోకి కొట్టుకుపోతుంది.

ఇప్పుడు తాగిన మనిషే ఎడమ చేత్తో పిడి పట్టుకుని, కప్పును మూడుసార్లు ఒకే దిశలో కొంచెం వేగంగా తిప్పాలి. బియ్యం కడిగేటప్పుడు గిన్నెను ఎలా తిప్పుతామో అలాంటి కదలికే ఇది. మిగిలిన టీ అంచు దాకా ఎగసి, ఆకును గోడల మీదికి తీసుకుపోవాలి. వెంటనే కప్పును నిదానంగా సాసరులోకి బోర్లించి, ఒక నిమిషం కదపకుండా ఉంచాలి. సాసరులో ఒక కాగితపు రుమాలు మడిచి వేస్తే నీరు పీల్చుకుంటుంది. తిప్పే దిశ గడియారపు ముల్లు వైపా, ఎదురుగానా అన్నదాని మీద ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతారు. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడి ఉండండి.

నాలుగవ మెట్టు: కప్పులో దిక్కులు

కప్పును వెల్లకిలా తిప్పి, పిడి మీ వైపు ఉండేలా పట్టుకోండి. పిడి అంటే ప్రశ్న అడిగిన మనిషి, ఆ మనిషి ఇల్లు. పిడికి దగ్గరగా ఉన్నది ఇంటికి దగ్గరి విషయం, ఎదుటి గోడ మీద ఉన్నది పరాయివారిదో, దూరపు ఊరిదో. పిడికి కుడివైపున ఉన్నది రాబోతున్నది, ఎడమవైపున ఉన్నది వెళ్లిపోతున్నది.

నిలువుగా చూస్తే అంచు అంటే ఇప్పుడో, కొద్ది రోజుల్లోనో. గోడ మధ్యభాగం అంటే కొన్ని వారాలు, నెలలు. అడుగు అంటే దూర భవిష్యత్తు. అడుగున పడినదంతా అశుభమని పాతవారు కొందరు అంటారు. నేను దాన్ని పాటించను. ఆకు బరువుకు అడుక్కి చేరడం సహజం కనుక, ఆ లెక్కన ప్రతివారికీ చెడ్డ రోజులే చెప్పవలసి వస్తుంది.

ఐదవ మెట్టు: ఆకును చదవడం

ఇక్కడ తొందరపడకూడదు. కప్పును కిటికీ వెలుతురుకు పట్టి, ముందుగా మొత్తాన్ని ఒక చూపు చూడండి. ఆకు చాలా భాగం ఎటువైపు చేరింది? ఖాళీ ఎక్కడ ఎక్కువ ఉంది? తరువాత కళ్లు కొంచెం చికిలించి చూడండి. ముద్రించిన బొమ్మల రంగులు మసకబారి, నల్లని ఆకు గుంపులు మాత్రం నిలబడతాయి. బొమ్మల కప్పుతో పనిచేసేవారికి ఇంతకంటే ఉపయోగపడే చిట్కా నాకు తెలియదు. ఆపైన కప్పును మెల్లగా నాలుగు వైపులా తిప్పుతూ, కనిపించిన ఆకారాలను కాగితం మీద రాసుకోండి. ఒక గుంపు ఒకవైపు నుంచి పక్షిలా, తలకిందులుగా చూస్తే చెప్పులా కనిపించవచ్చు; పిడి మీ వైపు ఉన్నప్పుడు కనిపించిన రూపాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

సంప్రదాయంగా వస్తున్న అర్థాలు కొన్ని ఇవి. పక్షి ఎగురుతున్నట్లుంటే శుభవార్త. కుక్క నమ్మకమైన స్నేహితుడు. ఓడ ఫలించే ప్రయాణం. కొండ అడ్డంకి, కొండల వరుస అయితే వరుస అడ్డంకులు. లంగరు అంచు దగ్గర స్పష్టంగా ఉంటే స్థిరత్వం, మసకగా ఉంటే నిలకడలేనితనం. పాము పగవాడు, మన దగ్గర నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇంటి మనిషికి ఇదే అర్థం చెప్పాలా వద్దా అన్నది మీ విచక్షణ. పూర్తిగా కలిసిన ఉంగరం పెళ్లి, తెగిన ఉంగరం తప్పిన సంబంధం. చెట్టు అభివృద్ధి. శిలువ కష్టం. త్రిభుజం అనుకోని అదృష్టం. చతురస్రం నెమ్మది, రక్షణ. పొడవైన గీత ప్రయాణం, తెగిన గీత ఆగిన ప్రయాణం. చిన్న చుక్కల గుంపు డబ్బు. అక్షరం కనిపిస్తే అది ఎవరిదో పేరులోని మొదటి అక్షరం. గుండ్రని మన లిపిలో "ర", "ద", "ఠ" ఎక్కడ చూసినా దొరుకుతాయి కనుక అక్షరాల జోస్యాన్ని తెలుగులో కొంచెం పొదుపుగా వాడాలి.

ఆకులో పుల్ల ఉంటే దానిది వేరే కథ. పుల్ల అంటే ఇంటికి వచ్చే కొత్త మనిషి. పొడుగైతే మగవాడు, పొట్టిదైతే ఆడమనిషి అని బ్రిటన్‌లో చెప్పుకునేవారు. పెరటి గోడ మీద కాకి అరిస్తే చుట్టాలొస్తారని మనమనుకున్నట్లే. జపాన్‌లో కప్పులో టీ పుల్ల నిటారుగా తేలితే మంచి శకునం. దానికి చబషిర అని ప్రత్యేకంగా పేరే ఉంది.

ఏ ఆకారానికైనా బలం మూడింటిని బట్టి కట్టాలి: ఎంత స్పష్టంగా ఉంది, ఎంత పెద్దగా ఉంది, పక్కన ఏముంది. కష్టపడి వెతికితే తప్ప దొరకని ఏనుగు ఏనుగే కాదు.

ఆరవ మెట్టు: ఇప్పుడు బొమ్మ

రాసుకున్న ప్రతి ఆకారం కింద ఏ ముద్ర ఉందో ఇప్పుడు చూడండి. ఆకు ముద్రను పూర్తిగా కప్పేస్తే ఆ విషయం ప్రస్తుతం మనిషి మనసు నిండా ఉన్నట్లు. సగం కప్పితే విషయం నడుస్తున్నట్లు. అంచును తాకితే ఇప్పుడే మొదలవుతున్నట్లు చదువుతాను. ఆకు అసలు తాకని ముద్రలను వదిలేయాలి. అన్నింటికీ అర్థం చెప్పబోతే అది కప్పు మీద ఉపన్యాసం అవుతుంది.

బొమ్మల కప్పుకు పైన చెప్పిన అర్థాలే వర్తిస్తాయి కాబట్టి ఎక్కువ చెప్పవలసింది లేదు. పేకముక్కల కప్పులో నాలుగు రంగులకు నాలుగు శాఖలు: ఆటీను ప్రేమ, ఇల్లు, డైమన్ డబ్బు, కళావరు వ్యాపారం, స్నేహాలు, ఇస్పేటు కష్టాలు. ఆంగ్ల పేక జోస్యంలో ఆటీను తొమ్మిది కోరిక తీరే ముక్క, ఆటీను ఆసు ఇల్లు, ఇస్పేటు తొమ్మిది అన్నింటిలోకీ చెడ్డ ముక్క. రాజు, రాణి, జాకీలు మనుషులు. వీళ్లను అక్కడ జుట్టు రంగును బట్టి గుర్తిస్తారు. బంగారు రంగు జుట్టు డైమన్, నల్ల జుట్టు ఇస్పేటు. మన ఇళ్లలో ఈ లెక్క పెడితే ఊరంతా ఇస్పేటే అవుతుంది. కనుక జుట్టును వదిలేసి, ముక్క ఏ రంగుదో దాన్ని బట్టి ఆ మనిషి పాత్రను చెప్పడం మంచిది: ఆటీను అయితే ఇంటివారు, డైమన్ అయితే డబ్బుతో సంబంధమున్నవారు, ఇలాగ.

రాశుల కప్పు దగ్గర తెలుగువారు తప్పక పొరబడతారు, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం. "నాది కుంభరాశి" అని మనలో చాలామంది చెప్పేది పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి. కప్పు తయారుచేసినవారి లెక్క సూర్యుడిది. సూర్యుడి లెక్కే తీసుకున్నా, మన పంచాంగం నిరయనం, అంటే నక్షత్రాలను బట్టి రాశులను లెక్కించేది; వారిది సాయనం, అంటే విషువత్తును బట్టి లెక్కించేది. రెంటికీ మధ్య నేడు సుమారు 24 డిగ్రీల తేడా ఉంది. అందుకే మన మకర సంక్రాంతి జనవరి 14 లేదా 15న వస్తే, పాశ్చాత్యుల మకరం డిసెంబరు 22 ప్రాంతంలోనే మొదలవుతుంది. కప్పు మీద "మీ రాశి"ని వెతకాలంటే పుట్టిన తేదీని బట్టి పాశ్చాత్య పట్టికలోనే చూడాలి. మార్చి 21 నుంచి ఏప్రిల్ 19 వరకు పుట్టినవారు అక్కడ మేషం. మన జన్మరాశిని పట్టుకుని ఆ కప్పును చదవడం ఒక ఊరి బస్సు టైంటేబుల్‌తో మరో ఊరి బస్టాండులో నిలబడటం వంటిది.

గుర్తుల్ని పోల్చుకోవడం కూడా మొదట్లో చిక్కే. కన్య, వృశ్చికం రెండూ ఆంగ్లపు "ఎం" అక్షరంలా ఉంటాయి. తోక బాణంలా బయటికి పొడిచి ఉంటే వృశ్చికం, లోపలికి ముడుచుకుంటే కన్య. కుంభానికి కుండ ఉండదు, రెండు నీటి అలలు ఉంటాయి. ధనుస్సు కేవలం బాణం. గ్రహాలలో చుక్క ఉన్న వృత్తం సూర్యుడు, నెలవంక చంద్రుడు, బాణం తగిలించిన వృత్తం కుజుడు, కింద శిలువ ఉన్న వృత్తం శుక్రుడు. రాహుకేతువుల కోసం వెతకకండి. పాశ్చాత్య జ్యోతిషం యురేనస్, నెప్ట్యూన్‌లకు చోటిస్తుంది. భావాల, అంటే జాతకచక్రంలోని పన్నెండు ఇళ్ల, విషయంలో మాత్రం మనకు తెలిసినదే చాలావరకు పనికొస్తుంది: రెండోది ధనం, నాలుగోది గృహం, ఏడోది కళత్రం, పదోది వృత్తి.

ఏడవ మెట్టు: కలిపి చెప్పడం, ఒక కప్పు దగ్గరగా

విజయవాడలో మా పిన్ని ఇంట్లో ఒక వానాకాలపు ఆదివారం ఈ పని చేశాను. పేకముక్కల కప్పు, నీలగిరి ఆకు. "ఏరా, ఊళ్లో ఇల్లు అమ్ముడుపోతుందా లేదా, అది చెప్పు చాలు" అంది పిన్ని, పాలు లేని టీని చేదు కషాయంలా చూస్తూ. "చెబుతాను పిన్నీ, ముందు అది తాగు" అన్నాను.

బోర్లించి తీసిన కప్పులో మూడు గుంపులు తేలాయి. పిడికి కుడివైపున, అంచుకు వేలెడు కింద, చిన్న చతురస్రం. దాని పైన మూడు చుక్కలు. పిడికి ఎడమవైపు గోడ మధ్యలో, వెంట్రుకంత సన్నని గీత, మధ్యలో తెగి ఉంది. అడుగున ఆకారం లేని ముద్ద. ఇవి రాసుకున్నాకే ముద్రలు చూశాను. చతురస్రం ఆటీను ఆసును సగం కప్పింది, చుక్కలు ఒక డైమన్ మీద ఉన్నాయి. తెగిన గీత చివర ఇస్పేటు తొమ్మిదిని తాకుతోంది. అడుగు ముద్ద కళావరు రాజు మీద ఉంది.

ముద్రలు మాత్రమే చూసేవాడైతే ఇస్పేటు తొమ్మిది కనబడగానే మొహం మార్చేస్తాడు. ఆకు చెప్పేది వేరు. గీత సన్నం, తెగింది, పైగా ఎడమవైపు ఉంది. అంటే మధ్యలో ఆగి, వెళ్లిపోతున్న చిక్కు. కుడివైపు ఉన్న చతురస్రం బలంగా, అంచుకు దగ్గరగా ఉంది. ఇంటి గురించి, ప్రశాంతంగా సాగే డబ్బు మాట త్వరలో వస్తుంది. కళావరు రాజు ఎవరో వ్యాపారస్థుడు, ఇంకా రూపు తేలలేదు, దూరంగా ఉన్నాడు. కలిపితే ఇలా చెప్పాను: "ఇంటి బేరం మాట తొందరలోనే వస్తుంది పిన్నీ. ఇదివరకు ఒకసారి కుదిరి చెడినట్లుంది, దాని బాధ తగ్గుతోంది. చివరికి తీసుకునేవాడు ఎవరో వ్యాపారం చేసే మనిషి."

పిన్ని లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ ఇస్పేటు తొమ్మిది మీ బాబాయేరా. పోయినేడు అడ్వాన్సు దాకా వచ్చాక అడ్డం తిరిగింది ఆయనే."

గమనించండి, బాబాయి పేరు నేను ఎత్తలేదు. నేను చెప్పింది "ఒకసారి కుదిరి చెడింది" అని మాత్రమే. ఇల్లు అమ్మబోతున్న ఎవరికైనా ఇది ఎంతో కొంత వర్తిస్తుంది. మిగతా కథను ఆమె అల్లుకుంది. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ విశ్లేషణ అని చెప్పి అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. ఎవరికి వారు అది తమ గురించే అనుకుని, 5 మార్కులకు సగటున 4.26 వేశారు. ముద్దలో ఏనుగును చూసే కన్ను, మామూలు మాటలో తన కథను వినే చెవి, ఈ రెండూ కలిస్తేనే కప్పు పలుకుతుంది. చెప్పేవారు ఇది తెలిసి చెబితే మాట అదుపులో ఉంటుంది.

అందుకే చెప్పేటప్పుడు కొన్ని హద్దులు పాటిస్తాను. చావు, జబ్బు, గర్భం, కోర్టు తీర్పు గురించి కప్పు ఏం చూపినా మాట్లాడను. "ఇలా కనిపిస్తోంది, మీకేమైనా తట్టిందా?" అని అడుగుతాను. డబ్బు తీసుకోను. డబ్బు విషయంలో ఒక తమాషా ఉంది: బ్రిటన్‌లో 1824 నాటి వేగ్రెన్సీ (దేశదిమ్మరితనం) చట్టం జోస్యం చెప్పడాన్ని నేరాల జాబితాలో పెట్టింది, అమెరికాలో 1920, 30లలో టీ గదులు టీకి మాత్రమే డబ్బు తీసుకుని, జోస్యం ఉచితమని బోర్డు పెట్టుకునేవి.

చివరగా రాసుకోవడం, కడగడం

ఒక నోటుపుస్తకంలో తేదీ, ప్రశ్న, కప్పు చిన్న బొమ్మ, మీరు చెప్పిన మాట రాసి పెట్టండి. ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు కాని, చేత్తో గీసినప్పుడు కన్ను ఆకారాన్ని బాగా పట్టుకుంటుంది. మూడు నెలల తరువాత తెరిచి చూసి, ఏది జరిగింది, ఏది జరగలేదు అన్నది పక్కనే రాయాలి. జరగనివి రాయడం మానేస్తే పుస్తకం అబద్ధమాడటం మొదలుపెడుతుంది.

కప్పును వెంటనే గోరువెచ్చని నీళ్లతో, మెత్తని స్పాంజితో కడగాలి. టీ మరక లోపల పసుపు రంగుగా పట్టేస్తే తెల్లని నేల పోతుంది. వంటసోడా ముద్దతో రుద్దితే మరక వదులుతుంది, అయితే బంగారు అంచుకు అది తగలకూడదు. బంగారు పూత ఉన్న కప్పును మైక్రోవేవ్‌లోనూ డిష్‌వాషర్‌లోనూ పెట్టకూడదు. పీచు, బూడిద, ఇసుకల ఊసే వద్దు. మిగిలిన ఆకును పాలు, చక్కెర కలవని పక్షంలో నేరుగా కరివేపాకు మొక్క మొదట్లో వేయవచ్చు. మా పిన్ని కప్పులో తేలిన మూడు గుంపులూ, ఇస్పేటు తొమ్మిదిని తాకిన గీతతో సహా, అక్కడికే చేరాయి.